పెరటి చెట్టు పొట్టిదయిన తీరు: ఉత్తరాంధ్ర ఇంటితోటలలో పండ్లమొక్కల సంకరణ చరిత్ర

వ్యాససంగ్రహం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్ళ పెరళ్ళలో ఒకప్పుడు టెంక మొలిచి పెరిగిన మామిడి, పొడుగు కొబ్బరి, పనస ప్రధాన వృక్షాలు. నేడు వాటి స్థానంలో అంటుకట్టిన పొట్టిరకాలు, కుండీలలో కాసే బొప్పాయి, దానిమ్మ, నిమ్మ కనిపిస్తున్నాయి. ఈ మార్పు వెనుక ఒక శతాబ్దానికి మించిన వృక్షప్రజనన చరిత్ర ఉంది. ఇంటితోటకు చేరిన పొట్టిరకాలలో అధికభాగం ఇంటితోటను ఉద్దేశించి రూపొందినవి కావనీ, వాణిజ్య తోటల అవసరాల కోసం సాగిన పరిశోధనలో ఉపఫలాలుగా లభించినవనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తుపాను తాకిడికి గురయ్యే తీరప్రాంతంలో ఈ మార్పువల్ల కలిగిన లాభనష్టాలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉత్తరాంధ్ర, ఇంటితోట, మామిడి సంకరణ, సువర్ణరేఖ, పొట్టిరకాలు, ఉద్దానం, కొబ్బరి, తిత్లీ తుపాను.

ఉపోద్ఘాతం

పెరటి చెట్టు మందుకు పనికిరాదని తెలుగు సామెత. దగ్గరున్న వస్తువు విలువ గుర్తించని మనుషుల స్వభావం మీద చెప్పిన మాట అది. వ్యవసాయశాస్త్రం విషయంలో ఈ సామెత అక్షరాలా నిజమైంది. ఇరవయ్యో శతాబ్దపు పండ్ల పరిశోధన యావత్తూ తోటను చూసింది, పెరటిని చూడలేదు. ఎకరాల లెక్కన దిగుబడి, రైలుప్రయాణానికి తట్టుకొనే తోలు, ఎగుమతికి నచ్చే రంగు దాని లక్ష్యాలు. నాలుగు గజాల స్థలంలో ఒక్క చెట్టు పెంచుకొనే గృహస్థుకు ఏమి కావాలన్న ప్రశ్న ఆ పరిశోధన పత్రాలలో చాలా ఆలస్యంగా, అదీ ఒక చివరి వాక్యంగా మాత్రమే ప్రవేశించింది: "ఈ రకం ఇంటితోటలకు కూడా అనుకూలం".

ఆ "కూడా" చరిత్రే ఈ వ్యాసానికి విషయం. కంటికి అందంగా ఉండి, చిన్న చోటులో ఒదిగి, తినదగిన పండు ఇచ్చే మొక్కను ఇక్కడ అలంకార ఫలవృక్షం అని వ్యవహరించడం జరిగింది. ఈ పేరు కొత్తదైనా భావన పాతది. వాకిట దానిమ్మ, బావిగట్టున అరటి, దొడ్డిలో నిమ్మ పెంచుకోవడంలో అందమూ ఉపయోగమూ ఎన్నడూ వేర్వేరుగా లేవు. ఎర్రని పూవు కోసమే దానిమ్మను నాటి, కాయ కాస్తే సంతోషించిన ఇళ్ళు కళింగాంధ్రలో కొల్లలు.

ఆధారాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 1936 వరకు శ్రీకాకుళం ప్రాంతం గంజాం జిల్లాలో భాగం. ఆ సంవత్సరం ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు తెలుగు ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడ్డాయి. అందువల్ల పాత ఉద్యాన గ్రంథాలలో "విశాఖపట్నం జిల్లా రకం" అని కనిపించే మామిడి నేటి విజయనగరం తోటలదీ కావచ్చు. జిల్లా పేరును బట్టి రకం పుట్టుకను నిర్ణయించడం పొరపాటుకు దారి తీస్తుంది.

1. టెంక చెట్టు, అంటు చెట్టు

మామిడి టెంక నాటితే తల్లిచెట్టు పండు రాదు. భారతదేశపు మామిడి రకాలలో అధికభాగం ఏకపిండ జాతులు. అంటే ఒక టెంకలో ఒకే పిండం ఉంటుంది. అది తల్లి అండమూ ఎక్కడినుంచో వచ్చిన పుప్పొడీ కలిసి పుట్టినది. కనుక ప్రతి టెంక మొలకా ఒక కొత్త జీవి. నూరు టెంకలు నాటితే నూరు రుచులు వస్తాయి. వాటిలో తొంభైకి పైగా పీచు, పులుపు, చిన్నకాయ. మిగిలిన కొద్దిపాటిలో ఏదో ఒకటి అపురూపమవుతుంది.

పెరటి టెంక చెట్లను ఈ దృష్టితో చూస్తే అవి శతాబ్దాల పాటు సాగిన ఒక నిశ్శబ్ద ప్రజనన క్షేత్రం. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ కొలవలేదు. అయినా ప్రతి ఊరిలోనూ ఎంపిక జరుగుతూనే ఉంది. పుల్లగా, గట్టిగా ఉన్న కాయ ఆవకాయకు నిలిచింది. రసం ఎక్కువగా ఉన్నది తాండ్రకు నిలిచింది. విజయనగరం జిల్లా భీమాలి గ్రామం మామిడి తాండ్రకు పేరుపొందింది. రసం తీసి చాపల మీద పొరలు పొరలుగా పోసి ఎండబెట్టే ఈ వృత్తికి కావలసిన కాయ బల్లమీద కోసి తినే కాయ కాదు. మన్యంలో గిరిజన కుటుంబాలు టెంకలోని జీడిని సైతం ఎండబెట్టి, పొడిచేసి అంబలి కాచుకొన్నాయి. ఒక చెట్టుకు ఇన్ని పనులున్నప్పుడు ఒకే రకం ఆదర్శం కాజాలదు. వైవిధ్యమే అవసరమైంది.

మంచి చెట్టును యథాతథంగా నిలబెట్టడానికి అంటు ఒక్కటే మార్గం. మామిడిలో అంటుకట్టే విద్యకు పశ్చిమతీరంలో పోర్చుగీసువారు ప్రాచుర్యం కల్పించారు. వారి చేతిలో నిలదొక్కుకొన్న గోవా రకాలు క్రమంగా దేశమంతటా వ్యాపించాయి. కుండీలో పెంచిన టెంక మొలకను తల్లిచెట్టు కొమ్మ దగ్గరకు చేర్చి, రెండింటి బెరడునూ చెక్కి, కలిపి కట్టి, అతుక్కొన్న తరువాత తల్లినుంచి వేరుచేయడం పాత పద్ధతి. శ్రమ ఎక్కువ, మొక్కలు తక్కువ. అందువల్ల అంటుమామిడి చాలాకాలం జమీందారీ తోటలకూ కలిగిన ఇళ్ళకూ పరిమితమైంది. సామాన్యుని పెరడు టెంక చెట్టుదే.

ఈ నేపథ్యంలో సువర్ణరేఖను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సుందరి అనే మారుపేరు గల ఈ రకం ఉత్తరాంధ్ర సొత్తు. పొడుగుపాటి కాయ, పసుపుతోలు మీద భుజం దగ్గర ఎర్రని ఛాయ, సీజను మొదట్లోనే పక్వానికి రావడం దీని గుర్తులు. ఎవరో పండితుడు సంకరణ చేసి పుట్టించిన రకం కాదిది. యాదృచ్ఛికంగా మొలిచిన చెట్టులో గుణాన్ని గుర్తించి, అంటుల ద్వారా నిలుపుకొన్న ఫలితం. 1890లలో తూర్పుతీరపు రైలుమార్గం వేసిన తరువాత ఈ ప్రాంతపు పండుకు ఉత్తరాది మార్గం తెరుచుకొంది. అక్కడి మామిడికన్నా ముందే మాగే కాయకు కలకత్తా బజారులో గిరాకీ సహజం. తొందరగా కాసే గుణం, ఎర్రని ఛాయ ఈ రెండూ సువర్ణరేఖను కాపాడాయి. అవి లేని ఎన్నో పెరటి చెట్లు, వాటి రుచి మరింత గొప్పదై ఉన్నా, చెట్టు పడిన రోజునే అంతరించాయి.

2. సంకరణ ప్రయత్నాలు: పూనా నుంచి కోడూరు దాకా

యాదృచ్ఛికతకు వదలక, కావలసిన తల్లినీ తండ్రినీ ఎంచి మామిడిలో సంకరణ చేసే ప్రయత్నం భారతదేశంలో 1911లో పూనాలో బర్న్స్, ప్రయాగ్ అనే శాస్త్రవేత్తలతో మొదలైంది. దక్షిణాదిలో ఆ పనికి కేంద్రమైనది కోడూరు. కడప జిల్లాలో అనంతరాజుపేట దగ్గర మద్రాసు ప్రభుత్వం 1935లో నెలకొల్పిన ఫల పరిశోధన కేంద్రం దక్షిణ భారత మామిడి రకాలను ఒకచోట చేర్చింది. ఆ అధ్యయనాల మీద ఆధారపడి కె.సి. నాయక్, ఎస్.ఆర్. గంగోలీ 1950లో ప్రచురించిన దక్షిణ భారత మామిడి రకాల వర్గీకరణ గ్రంథం నేటికీ ప్రామాణికం. ఒకే పేరున తిరిగే వేరు రకాలనూ, వేరు పేర్లున్న ఒకే రకాన్నీ విడదీసి చూపడం వారి ప్రధాన కృషి. మామిడి పేర్ల గందరగోళం ఎరిగినవారికి దాని విలువ తెలుస్తుంది. బంగినపల్లికే బేనిషాన్ అని ఒక పేరు. తోతాపురికి కోస్తాలో కలెక్టరు అని ఒక పేరు.

మామిడిలో సంకరణ ఎందుకంత కష్టమో కొంత వివరించాలి. ఒక్కొక్క పూగుత్తిలో వేయికి పైగా పూలుంటాయి. వాటిలో చాలావరకు మగపూలు. ద్విలింగ పూవును ఎంచి, దాని సొంత పుప్పొడి తగలకముందే కేసరాన్ని చిమటాతో తీసి, వేరొక చెట్టు పుప్పొడిని కీలాగ్రానికి రాసి, గుత్తికి సంచి కట్టాలి. ఇంత చేసినా నూటికి ఒక్కటి కూడా కాయగా నిలవదు. నిలిచిన కాయలో ఒకే టెంక. ఆ టెంక మొలిచి మొదటి పూత పూయడానికి ఐదారేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు. గుణం నిర్ధారించడానికి మరికొన్ని కాపులు చూడాలి. ఒక శాస్త్రవేత్త ఉద్యోగ జీవితంలో మామిడి రెండు తరాలను మించి చూడడం దుర్లభం. పైగా అతనికి బదిలీలు ఉంటాయి, చెట్టుకు ఉండవు.

కోడూరు సంకరాలలో ఎక్కువ భాగానికి నీలం ఒక జనకం. నీలం ఏటా కాస్తుంది. దక్షిణాది మేలురకాలు చాలామటుకు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు విశ్రమిస్తాయి. ఈ దోషాన్ని పోగొట్టడమే అప్పటి ముఖ్యలక్ష్యం. నీలం, బేనిషాన్ కలయికతో నీలేషాన్, నీలం, హిమాయుద్దీన్ కలయికతో నీలుద్దీన్ పుట్టాయి. ఉత్తరాంధ్ర దృష్ట్యా ముఖ్యమైనది స్వర్ణజహంగీర్. చిన్న సువర్ణరేఖ, జహంగీర్ రకాల సంతానమిది. సువర్ణరేఖ పేరుగల రకం వందల మైళ్ళ దూరంలో ఒక ప్రయోగశాల సంకరానికి తల్లి అయింది. కానీ ఆ సంకరం తిరిగి ఉత్తరాంధ్ర పెరళ్ళలో సువర్ణరేఖకు పోటీ రాలేదు. విజయనగరం రైతుకూ గృహస్థుకూ అసలు రకమే చాలింది. పరిశోధన ఎంత శ్రద్ధగా జరిగినా, మొక్క మనిషి వాకిలి చేరడానికి వేరే కారణాలు కావాలన్న సత్యానికి ఇది ఒక నిదర్శనం.

3. పొట్టితనం ఒక గుణమైన వేళ

వృక్షం పొట్టిగా ఉండడం ఒకప్పుడు లోపం. నీడనివ్వని చెట్టు, కలపనివ్వని చెట్టు ఎవరికి కావాలి? భూమి కరువైన తరువాత, కూలి ఖరీదైన తరువాత అదే లోపం గుణమైంది. ఈ మలుపుకు ప్రతీక ఆమ్రపాలి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1970ల దశకంలో రెండు ప్రసిద్ధ సంకరాలను వెలువరించింది. నీలం తల్లిగా, దశేరి తండ్రిగా వచ్చినది మల్లిక. దశేరి తల్లిగా, నీలం తండ్రిగా వచ్చినది ఆమ్రపాలి. జనకులు ఇద్దరూ వారే. ఆమ్రపాలి పొట్టిది, ఏటా కాసేది, ముదురు నారింజరంగు గుజ్జు గలది. తల్లిదండ్రుల స్థానాలు మారినందువల్లనే ఈ తేడా వచ్చిందని చెప్పడం తొందరపాటు. ఒకే జనకుల టెంకలు కూడా ఒకదానిని మరొకటి పోలవు. అనేక మొలకల్లోంచి పొట్టిదాన్ని గుర్తించి నిలుపుకొన్న ఎంపికకే ఆ ఘనత చెందాలి.

ఆమ్రపాలిని రెండున్నర మీటర్ల ఎడంతో నాటి హెక్టారుకు 1600 మొక్కలు పెంచవచ్చని సిఫారసు వచ్చింది. పాత పద్ధతిలో పది మీటర్ల ఎడంతో హెక్టారుకు 100 చెట్లే. ఈ లెక్క ఎవరికోసమో స్పష్టమే. ఇది తోటల లెక్క, పెరటి లెక్క కాదు. అయితే రెండున్నర మీటర్ల ఎడంలో బతికే చెట్టు రెండున్నర మీటర్ల వాకిట్లోనూ బతుకుతుంది. ఈ చిన్న తర్కమే ఆమ్రపాలిని పట్టణపు ఇళ్ళకు చేర్చింది.

తెలుగువారికి మరింత దగ్గరి కథ అర్క అరుణది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ బంగినపల్లి, ఆల్ఫాన్సో రకాలను కలిపి రెండువైపులా సంకరణ చేసింది. ఆల్ఫాన్సో తల్లిగా అర్క పునీత్, బంగినపల్లి తల్లిగా అర్క అరుణ వచ్చాయి. అర్క అరుణ పొట్టిచెట్టు. పెద్దకాయ, తోలు మీద ఆకర్షకమైన ఎర్రని ఛాయ, పీచులేని గుజ్జు, ఆల్ఫాన్సోను పీడించే స్పంజి మచ్చ లేకపోవడం దీని లక్షణాలు. ఇంటితోటకు అనుకూలమని మొదటినుంచీ గుర్తింపు పొందిన కొద్ది రకాలలో ఇదొకటి. అలంకార ఫలవృక్షం అన్న నిర్వచనానికి మామిడిలో ఇంతకన్నా దగ్గరగా వచ్చినది అరుదు. సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రం రుమానీ, నీలం రకాల కలయికతో రూపొందించిన మంజీర కూడా ఈ కోవకే చెందుతుంది. పొట్టితనం, ఏటా కాపు, పీచులేని గుజ్జు మూడూ దానిలో కలిశాయి.

ఇన్ని సుగుణాలున్నా ఈ రకాలు ఉత్తరాంధ్ర పెరటికి పూర్తిగా ఒదగలేదు. కారణం వాతావరణంలో ఉంది. ఆమ్రపాలి ఆలస్యంగా మాగే రకం. తీరప్రాంతంలో జూన్ నడిమికి తొలకరి మొదలవుతుంది. తడిలో పండుఈగ విజృంభిస్తుంది. చివరి కాయలు చెట్టు మీదనే పురుగుబారిన పడతాయి. సువర్ణరేఖ ఆ పాటికే మాగి, అమ్ముడై, తిని అరిగిపోయి ఉంటుంది. వానకు ముందే పని ముగించుకొనే రకాన్ని ఈ నేల తానుగా ఎంచుకొంది. ఢిల్లీలో ఎంచిన రకానికి ఆ అవసరం తెలియదు. పొట్టితనమూ ముందుకాపూ ఒకే చెట్టులో కలిసిన నాడు ఉత్తరాంధ్ర గృహస్థుకు నిజమైన పెరటి మామిడి దొరుకుతుంది. సువర్ణరేఖను జనకంగా తీసుకొని ఆ దిశలో సంకరణ చేయడానికి కోడూరు అనుభవం మార్గం చూపుతూనే ఉంది.

పొట్టి జన్యువు లేకున్నా పొట్టిగా ఉంచే ఉపాయాలు వాడుకలోకి వచ్చాయి. కోత తరువాత కొమ్మలు కత్తిరించడం వాటిలో మేలైనది. పాక్లోబ్యుట్రజాల్ అనే రసాయనాన్ని, రైతుల నోట కల్టారు, మొదలు దగ్గర పోసి పెరుగుదలను అణచి పూత తెప్పించడం మరొకటి. వాణిజ్య తోటల కోసం వచ్చిన ఈ మందు మట్టిలో చాలాకాలం నిలుస్తుంది. పిల్లలు ఆడుకొనే, కూర మొక్కలు పెరిగే పెరటిలో దాన్ని పోయడం ఎంతమాత్రం సమర్థనీయం కాదు.

4. కుండీలోకి దిగిన చెట్టు

మిద్దెతోట అన్న మాట తెలుగులో ఇటీవల స్థిరపడింది. నేల లేని ఇంటికి కుండీయే నేల. ఈ మార్పుకు మామిడికన్నా ముందు సిద్ధపడినది బొప్పాయి. బీహారులోని పూసా కేంద్రంలో బొప్పాయి గింజలను గామా కిరణాలకు గురిచేసి, వచ్చిన ఉత్పరివర్తనాల నుంచి ఎంపిక చేసిన రకం పూసా నన్హా. నన్హా అంటే హిందీలో చిన్నది. సుమారు మీటరు ఎత్తు పెరిగే ఈ మొక్క నేలకు జానెడున్నర ఎత్తులోనే కాపు మొదలుపెడుతుంది. ఇంటి తోటలు, డాబాలు, కుండీలు లక్ష్యంగా సిఫారసు పొందిన పండ్లరకాలలో దీనిది మొదటి వరుస. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఇది మగ, ఆడ మొక్కలు వేరువేరుగా ఉండే రకం. ఒక్క మొక్క మాత్రమే పెంచే ఇంట్లో అది మగదైతే పూలే తప్ప కాయ లేదు. తోటలో పదిమగమొక్కలు పీకి పారవేయవచ్చు. ఒకే కుండీ ఉన్న గృహస్థుకు ఆ వెసులుబాటు లేదు. ఒకే పూవులో రెండు లింగాలూ గల మొక్కలనిచ్చే కూర్గ్ హనీడ్యూ వంటి రకాలు ఈ విషయంలో నయం. అవి పూసా నన్హా అంత పొట్టివి మాత్రం కావు.

దానిమ్మది వేరొక కథ. అందం కోసం పెంచే దానిమ్మలలో నానా అనేది మరుగుజ్జు రకం. పూలు ఎర్రగా, విరివిగా పూస్తాయి. కాయ చిన్నది, పులుపు. బెంగళూరు శాస్త్రవేత్తలు గణేశ్ అనే మేలురకాన్ని ఈ నానాతో కలిపి అమ్లిదానా అనే పొట్టి సంకరాన్ని సాధించారు. పుల్లని గింజలు ఎండబెట్టి వంటలో వాడే పరిశ్రమ దాని లక్ష్యం. అలంకారపు మొక్క పండ్లమొక్కకు జనకమైన అరుదైన సందర్భమిది. అలంకారమూ ఫలమూ ఒకదానికొకటి అడ్డుపడే తీరు కూడా దానిమ్మలోనే స్పష్టంగా కనిపిస్తుంది. ముద్దపూల దానిమ్మలో కేసరాలు రేకులుగా మారతాయి. పూవు ఎంత నిండుగా ఉంటే కాయ అంత అరుదు. చూడడానికి పెంచాలో తినడానికి పెంచాలో గృహస్థు ముందే తేల్చుకోవాలి.

జామలో సంగారెడ్డి కేంద్రం స్థానిక కోహీర్ రకాన్ని అలహాబాద్ సఫేదాతో కలిపి సఫేద్ జామ్, కోహీర్ సఫేదా అనే సంకరాలను తెచ్చింది. నిమ్మలో తిరుపతి నుంచి వచ్చిన బాలాజీ రకం గజ్జితెగులును తట్టుకొంటుంది. కత్తిరింపుకు లొంగే స్వభావం వల్ల ఈ రెండూ పెద్ద కుండీలో కుదురుకొంటాయి.

ఈ మొక్కలన్నీ శ్రీకాకుళం వాకిలికి చేరిన దారి పరిశోధన కేంద్రాల నుంచి నేరుగా రాలేదు. ఆ దారి గోదావరి ఒడ్డున కడియం నర్సరీల గుండా సాగింది. కడియపులంక పరిసరాలలోని నర్సరీలు ఉత్తరాంధ్ర పట్టణాలకు మొక్కల లారీలు పంపుతాయి. ఏ సంకరం బతకాలో ఏది మరుగున పడాలో నిర్ణయించడంలో శాస్త్రవేత్తకన్నా నర్సరీ యజమానికి ఎక్కువ అధికారం ఉన్నదనడం అతిశయోక్తి కాదు. కాయతో సహా కుండీలో నిలబెట్టి చూపగలిగిన మొక్క అమ్ముడవుతుంది. ఇటీవల థాయిలాండ్ రకం కాటిమోన్‌ను ఏడాది పొడవునా కాసే మామిడిగా అమ్ముతున్నారు. విచిత్రమేమంటే ఏడాదికి ఒకటికి మించి కాపులిచ్చే పునాస మామిడి తెలుగువారి పెరళ్ళలో ఎప్పటినుంచో ఉంది. అకాలంలో పప్పులోకి, పచ్చడిలోకి కాయ అందించిన చెట్టది. దాన్ని పొట్టిపరచి, రుచి పెంచే సంకరణకు ఎవరూ పూనుకోకపోవడం ఒక లోటు. సామెత మరొకసారి నిజమైంది.

5. ఉద్దానం: చెట్టు ఎత్తు ఒక ప్రాణసమస్య

ఎత్తు గురించిన చర్చ పట్టణపు డాబాల మీద అభిరుచికి సంబంధించినది. ఉద్దానంలో అది బతుకుకు సంబంధించినది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల ఇసుకనేలలో ఇల్లూ తోటా విడదీయరానివి. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి, మునగ కలగలిసిన ఆ పెరళ్ళకు ఉద్యానవనం అన్న మాటనుంచే ఉద్దానం అన్న పేరు వచ్చిందని స్థానికుల విశ్వాసం. ఇక్కడి కొబ్బరి తూర్పుతీర పొడుగురకం. కొబ్బరిచెట్టును కొడుకుతో పోల్చడం ఈ ప్రాంతంలో వాడుక. నాటిన ఏడెనిమిదేళ్ళకు కాపుకు వచ్చి, అరవై ఏళ్ళకు పైగా కుటుంబాన్ని పోషించే చెట్టు అది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు పైబడిన వేగంతో గాలి వీచింది. కొబ్బరిచెట్లు పెద్ద సంఖ్యలో కూలిపోయాయి. కూలని వాటిలో కూడా మొవ్వు మెలితిరిగి, ఆ తరువాతి నెలల్లో ఎండినవి ఉన్నాయి. అంతకు ముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ ఇదే అక్టోబరు నెలలో ఈ తీరాన్ని తాకాయి. హుద్‌హుద్ విజయనగరం మామిడి, జీడి తోటలను కూడా దెబ్బతీసింది. ఒక ఇంటి పెరటిలో తాత నాటిన పది కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో పోతే, వాటి స్థానంలో ఏమి నాటాలన్న ప్రశ్నకు ఎనిమిదేళ్ళ నిరీక్షణ ఒక జవాబు కాలేదు.

పొట్టి కొబ్బరి ఈ సందర్భంలో ముందుకు వస్తుంది. కొబ్బరి సంకరణకు పురిటిగడ్డ కూడా నాటి మద్రాసు రాష్ట్రమే. 1932లో నీలేశ్వరం కేంద్రంలో జె.ఎస్. పటేల్ పొడుగు, పొట్టి రకాలను కలిపి ప్రపంచంలోనే మొదటి కొబ్బరి సంకరాన్ని సాధించారు. తెలుగునేల మీద అంబాజీపేట కేంద్రం తూర్పుతీర పొడుగురకాన్ని గంగబోండంతో కలిపి గోదావరి గంగ అనే సంకరాన్ని రూపొందించింది. గంగబోండం ఆంధ్రదేశపు పొట్టిరకం. బొప్పాయిని తలపించే కోలకాయ, ఆకుపచ్చని రంగు, తీయని నీరు. వాకిట అందం కోసం పెంచదగిన కొబ్బరి ఏదైనా తెలుగువారికి ఉందంటే అది ఇదే. నాలుగేళ్ళకే గెల వేస్తుంది. చేతికందే ఎత్తులో బోండం కోసుకోవచ్చు. చెట్టెక్కేవారు కరవైన కాలంలో ఇది చిన్న సౌకర్యం కాదు.

అయినా ఉద్దానపు గృహస్థు పొట్టిరకాన్ని పూర్తిగా నమ్మకపోవడానికి బలమైన కారణాలున్నాయి. పొట్టిరకం కొబ్బరి పలుచన, ఎండుకొబ్బరికి అంతగా పనికిరాదు. ఆయుర్దాయం తక్కువ. నీటిఎద్దడికి తట్టుకోదు. ఇసుకనేలలో తడి పెట్టే వసతి లేని పెరటికి అది భారం. గాలికి తట్టుకొనే విషయంలోనూ ఎత్తు ఒక్కటే నిర్ణాయకం కాదు. వేరు పట్టు ఎంత, చుట్టూ గాలి ఆపే చెట్లున్నాయా లేవా అన్నవి కూడా అంతే ముఖ్యం. ఒక్క పొట్టిరకంతోనో ఒక్క పొడుగురకంతోనో పెరటిని నింపడం కన్నా రెండింటినీ కలిపి నాటడం వివేకం. సంకరం మధ్యేమార్గమే కాని, దాని కాయను నాటితే తల్లి గుణం నిలవదు. ప్రతి మొక్కకూ కేంద్రం మీదనో నర్సరీ మీదనో ఆధారపడాలి. తాత చెట్టు కాయనే ఎంచి నారు పోసుకొన్న కుటుంబానికి ఈ ఆధారపడటం కొత్త.

మామిడిలో ఇదే సమస్య వేరుల దగ్గర ఉంది. ప్లాస్టిక్ సంచిలో నెలల తరబడి ఉన్న అంటుమొక్క తల్లివేరు సంచి అడుగున చుట్టుకుపోతుంది. నాటిన తరువాత అది లోతుకు దిగదు. చెట్టు పైకి చక్కగా పెరిగినా పెనుగాలికి వేళ్ళతో సహా ఒరుగుతుంది. టెంకను నాటిన చోటనే మొలిపించి, ఏడాది నిండాక అక్కడే మేలురకం పుల్లతో అంటుకడితే తల్లివేరు చెక్కుచెదరక నేలలో దిగుతుంది. ఈ పద్ధతికి సంచి అక్కరలేదు, లారీ అక్కరలేదు. అంటుకట్టే చేయి మాత్రం ఊరిలో ఉండాలి. తుపాను తీరంలో ఇంటితోటకు కావలసినది కొత్త రకం ఒక్కటే అనుకోవడం సరికాదు. పాత టెంక మీద కొత్త పుల్ల నిలిపే నేర్పు అంతకన్నా అత్యవసరం.

6. పేరులేని చెట్ల లెక్క

2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతులు తరతరాలుగా నిలుపుకొన్న రకాలను వారి పేర నమోదు చేసుకొనే అవకాశం కల్పించింది. దీనికన్నా భిన్నమైన భౌగోళిక గుర్తింపు 2017లో బంగినపల్లికి లభించింది. ఇటువంటి గుర్తింపులు పేరున్నవాటికి, సమూహం వెనుక నిలిచినవాటికి సులభంగా అందుతాయి. పెరటిలో ఒంటరిగా నిలిచిన టెంక చెట్టుకు ఊరిలో ఒక పేరు ఉంటుంది. అది తరచు ఇంటిపేరో, బావిపేరో, కాయ ఆకారాన్ని చూసి పెట్టినదో. ఆ పేరు ఇంటి ఆడవారి నోట, ఊరగాయ జాడీల లెక్కలో మాత్రమే నిలిచి ఉంటుంది. ఏ చెట్టు కాయ ఏడాది దాటినా మెత్తబడదో వారికి తెలుసు. ప్రజనన శాస్త్రానికి కావలసిన మొదటి సమాచారం అదే.

పొట్టిరకాల చరిత్ర చూపినదేమంటే, నీలం లేకుండా ఆమ్రపాలి లేదు, బంగినపల్లి లేకుండా అర్క అరుణ లేదు, గంగబోండం లేకుండా గోదావరి గంగ లేదు. ఆ జనకులన్నీ ఒకనాడు ఎవరో గుర్తించి, కాపాడిన స్థానిక రకాలే. విజయనగరం పట్టణంలో పాత మండువా ఇల్లు కూలి అపార్టుమెంటు లేచినప్పుడూ, ఉద్దానంలో తుపాను తరువాత రంపంతో దుంగలు కోసినప్పుడూ, పోయినది ఒక ఇంటి నీడ మాత్రమే కాదు, రేపటి సంకరణకు జనకం కాగలిగిన చెట్టు కూడా అయి ఉండవచ్చు. చెట్టు పడినా దాని పుల్ల కొన్ని రోజులు సజీవంగా ఉంటుంది. తడిగుడ్డలో చుట్టి, అదే వారంలో వేరొక మొలకపై నిలిపితే రకం బతుకుతుంది. గాలి ఆగిన మరునాడు ఆ పుల్ల కోయడానికి పడిన చెట్టు దగ్గరకు ఎవరో ఒకరు కత్తితో వెళ్ళాలి.